అద్దాల కొట్టుకి వెళ్ళేముందు ఒక స్కేలు, ఒక పెన్ను: కళ్ళజోడు, భూతద్దం లెక్కల మీద మీ ప్రశ్నలకి జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో కళ్ళజోళ్ళ మీదే చాలా వచ్చాయి. అందులో లెక్క వేస్తే తేలిపోయేవి ఇక్కడ తీసుకున్నా, కంటి జబ్బుల గురించి అడిగినవి పక్కన పెట్టా, అవి డాక్టరే చూడాలి. ముందు ఒక్క మాట చెప్పేస్తా, కింద అంతా దీని మీదే నడుస్తుంది. చీటీలో రాసే పవర్ డయాప్టర్లలో ఉంటుంది, డయాప్టర్ అంటే 1ని లెన్స్ నాభ్యంతరంతో (మీటర్లలో) భాగిస్తే వచ్చేది, అంతే. నాభ్యంతరం అంటే దూరం నుంచి వచ్చే వెలుతుర్ని లెన్స్ ఒక చుక్కగా కలిపే దూరం. ప్లస్ 4 లెన్స్ నాభ్యంతరం 25 సెం.మీ., ప్లస్ 2 అయితే 50 సెం.మీ. మైనస్ వాళ్ళకి ఇదే లెక్క ఇంకోలా పనికొస్తుంది: మైనస్ 2 ఉంటే అద్దాలు తీసేసినప్పుడు 50 సెం.మీ. దాకా స్పష్టం, ఆపైన మసక. మైనస్ 5 అయితే 20 సెం.మీ.కే ఆగిపోతుంది.

ప్రశ్న: నాకు రెండు కళ్ళకీ మైనస్ 6. షాపులో 1.74 లెన్స్ తీసుకోకపోతే సోడాబుడ్డి అద్దాల్లా ఉంటాయంటున్నారు, రేటు చూస్తే మామూలు లెన్స్‌కి చాలా రెట్లు ఉంది. అంత తేడా నిజంగా ఉంటుందా? (కూకట్‌పల్లి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని)

తేడా ఉంటుందండి, కానీ దానికంటే పెద్ద తేడా మీరు ఎంచుకునే ఫ్రేమ్‌లో ఉంది, షాపులో ఆ మాట ఎందుకో ముందు చెప్పరు. మైనస్ లెన్స్ మధ్యలో పల్చగా, అంచులో మందంగా ఉంటుంది కదా, ఆ అంచు మధ్యకంటే ఎంత ఎక్కువ మందమో చూడ్డానికి ఒక చిన్న లెక్క ఉంది. లెన్స్ కేంద్రం నుంచి దూరంగా ఉన్న అంచు దాకా మిల్లీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ పవర్‌తో గుణించండి. వచ్చినదాన్ని 2000 × (ఇండెక్స్ − 1) తో భాగించండి. ఇండెక్స్ అంటే ఆ పదార్థం వెలుతుర్ని ఎంత వంచుతుందో చెప్పే అంకె, మీ షాపువాళ్ళు చెప్పిన 1.74 అదే. కచ్చితమైన సూత్రం కాదు గానీ కొట్లో నిలబడి నిర్ణయం తీసుకోడానికి బాగా సరిపోతుంది.

ఇప్పుడు మీ ఫ్రేమ్ పుల్ల లోపలి వైపు చూడండి, 54-18 అనో 46-18 అనో చిన్న అంకెలుంటాయి. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద బ్రిడ్జి. మీ కంటిపాపల మధ్య దూరం, అంటే పీడీ, 62 అనుకుందాం. 54-18 ఫ్రేమ్‌లో అద్దాల నడుములకి మధ్య దూరం 72, మీ కళ్ళ మధ్య 62, కాబట్టి లెన్స్ కేంద్రాన్ని ఒక్కోవైపు 5 మి.మీ. ముక్కు వైపు జరపాలి. అప్పుడు చెవి వైపు అంచు కేంద్రం నుంచి 27 + 5 = 32 మి.మీ. దూరం. 32 × 32 × 6 = 6144. మామూలు ప్లాస్టిక్, అంటే సీఆర్-39 ఇండెక్స్ సుమారు 1.5, దాంతో వేస్తే 6.1 మి.మీ. 1.74తో వేస్తే 4.15. ఇక 46-18 ఫ్రేమ్ చూడండి, జరపాల్సింది 1 మి.మీ. మాత్రమే, అంచు 24 దగ్గరే అయిపోతుంది, 24 × 24 × 6 = 3456, మామూలు ప్లాస్టిక్‌లోనే 3.5!

దీనికి మధ్య మందం కలపాలి, మామూలు లెన్స్‌కి 2 మి.మీ., ఖరీదైన సన్నటి లెన్స్‌కి 1.2 అనుకోండి. పెద్ద ఫ్రేమ్‌లో 1.74 వేయిస్తే అంచు 5.4 అవుతుంది, చిన్న ఫ్రేమ్‌లో మామూలు లెన్స్ వేయిస్తే 5.5. రెండూ ఒకటే కదండీ. చిన్న ఫ్రేమ్ తీసుకుని అందులో 1.67 వేయిస్తే 3.8కి దిగుతుంది, నేనైతే మీకు ఇదే చెప్తా. 1.67 నుంచి 1.74కి పోతే చిన్న ఫ్రేమ్‌లో తగ్గేది పావు మిల్లీమీటరు, దానికోసం అంత డబ్బు పోయడం నాకు నచ్చదు.

ఇంకో సంగతి, ఇండెక్స్ పెరిగే కొద్దీ అద్దం మీద మెరుపు కూడా పెరుగుతుంది. 1.5 లెన్స్ ఒక్కో ముఖం మీద 4 శాతం వెలుతురు తిప్పికొడితే 1.74ది 7 శాతం పైనే తిప్పికొడుతుంది, అందుకని ఎక్కువ ఇండెక్స్ తీసుకుంటే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ తప్పనిసరి. రంగులు చెదరడం కూడా ఎక్కువే, అంచుల్లోంచి చూస్తే ట్యూబ్‌లైట్ పక్కన నీలం, పసుపు గీతలు కనపడతాయి. దీన్ని ఆబ్బే నంబర్‌తో చెప్తారు, ఎక్కువ ఉంటే మంచిది: సీఆర్-39కి 58, 1.74కి 33, పాలీకార్బొనేట్‌కి 30. అయినా పిల్లలకి మాత్రం పాలీకార్బొనేటే తీసుకోండి, బంతి తగిలినా పగిలి కంట్లో గుచ్చుకోదు, అక్కడ మిగతా లెక్కలన్నీ తర్వాత.

ప్రశ్న: నేను టైలర్‌నండి, వయసు 52. బజార్లో కొన్న ప్లస్ 2 అద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం ఎక్కుతోంది గానీ ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం మసగ్గా ఉంటోంది. పవర్ తప్పా? అద్దాలు అలవాటైతే పవర్ పెరిగిపోతుందని మా ఇంట్లో అంటున్నారు. (తెనాలి)

పవర్ తప్పు కాదండి, ప్లస్ 2 చేసే పనే అది. మీది చత్వారం, కంట్లో ఉన్న లెన్స్ వయసుతో గట్టిపడి దగ్గరికి ఫోకస్ చేసే శక్తి తగ్గిపోతుంది. ఆ మిగిలిన శక్తి ఎంతో అంచనా వేయడానికి హాఫ్‌స్టెటర్ సూత్రం ఉంది, కనీసం ఎంత ఉండాలంటే 15 లోంచి వయసులో పావు వంతు తీసేయాలి. మీకు 15 − 13 = 2 డయాప్టర్లు. అందులో సగమే హాయిగా వాడుకోగలం, మొత్తం వాడితే కాసేపటికే కళ్ళు లాగుతాయి, కాబట్టి చేతిలో ఉన్నది 1. మీరు కుట్టేది 33 సెం.మీ. దూరంలో అనుకుంటే కావాల్సింది 1 ÷ 0.33, అంటే 3. మూడు కావాలి, ఒకటి ఉంది, మిగతా 2 అద్దం ఇవ్వాలి. దూరం చూపు మామూలుగా ఉంటే లెక్క సరిగ్గా కుదిరింది.

ఇక ఎదురుగా మనిషి సంగతి. ప్లస్ 2 పెట్టుకున్నాక కన్ను విశ్రాంతిగా ఉన్నప్పుడు స్పష్టంగా కనపడే దూరం 50 సెం.మీ., ఉన్న శక్తంతా పెడితే 2 + 2 = 4, అంటే 25 సెం.మీ. ఈ 25 నుంచి 50 మధ్యే మీ రాజ్యం, కస్టమర్ రెండు మీటర్ల దూరంలో ఉంటాడు, మసక కాక ఏమవుతుంది. మాటిమాటికీ అద్దాలు తీసిపెట్టడం ఇబ్బందైతే బైఫోకల్ చేయించుకోండి, పైన దూరానికి, కింద దగ్గరికి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన రెండు పవర్ల అద్దాల గురించి 1785లోనే ఉత్తరం రాశాడు, ఇప్పటికీ చవకగా, గట్టిగా పనిచేసే ఉపాయం అదే. 1959లో ఫ్రాన్స్‌లో వచ్చిన ప్రోగ్రెసివ్ అయితే గీత కనపడదు, మధ్య దూరాలు కూడా అందుతాయి, కాకపోతే పక్కల్లో కాస్త వంకర ఉంటుంది, అలవాటు పడాలి.

అద్దాల వల్ల పవర్ పెరగదు. పైన సూత్రం మళ్ళీ చూడండి, నాలుగేళ్ళకి 1 డయాప్టర్ చొప్పున తగ్గుతోంది, అందులో అద్దాలు పెట్టుకున్నావా లేదా అన్న మాటే లేదు. 60కి దాదాపు సున్నా, ఇక తగ్గడానికి ఏమీ ఉండదు కాబట్టి దగ్గర పవర్ కూడా అక్కడికి ఆగుతుంది. తెలంగాణలో 2018లో, ఆంధ్రాలో 2019లో మొదలైన కంటి వెలుగు క్యాంపుల్లో ఎంతోమందికి ఇచ్చింది ఇలాంటి దగ్గర చూపు అద్దాలే, ఊళ్ళో ఎవరిదో జోడు పెట్టుకున్నందుకు వచ్చిన జబ్బు కాదు ఇది. బజారు అద్దాల్లో లోపం ఏంటంటే రెండు కళ్ళకీ ఒకే పవర్ ఉంటుంది, సిలిండర్ (ఒక దిశలో మాత్రమే పనిచేసే అదనపు పవర్) ఉండదు. ఒకసారి పరీక్ష చేయించుకుని మీ పవర్ కాగితం మీద రాయించుకోండి, పనిలో పనిగా కంటి ప్రెషర్ కూడా చూస్తారు.

ప్రశ్న: నా కళ్ళజోడు మైనస్ 8. కాంటాక్ట్ లెన్స్‌కి మైనస్ 7.25 రాశారు. పొరపాటా? (విశాఖ నుంచి డిగ్రీ విద్యార్థి)

పొరపాటు కాదు. కళ్ళజోడు కంటికి సుమారు 12 మి.మీ. ముందు ఉంటుంది, కాంటాక్ట్ లెన్స్ కంటి మీదే ఉంటుంది, ఆ 12 మి.మీ. తేడాకి లెక్క కట్టాలి. మైనస్‌కి ఇలా: 8 ÷ (1 + 0.012 × 8) = 8 ÷ 1.096 = 7.3, పావు పావుగానే లెన్స్‌లు దొరుకుతాయి కాబట్టి 7.25. మీది మైనస్ 3 అయితే 2.9 వచ్చేది, ఎవరూ పట్టించుకోరు, 4 దాటాకే ఈ తేడా మీద దృష్టి పెడతారు. అలాగే మీ కళ్ళజోడు ముక్కు మీంచి జారితే పవర్ తగ్గినట్టే లెక్క, మసగ్గా ఉందని కొత్త పరీక్షకి వెళ్ళేముందు ఫ్రేమ్ బిగించుకుని చూడండి.

ప్లస్‌లో ఇది తిరగబడుతుంది, ముందుకు జరిపితే పవర్ పెరుగుతుంది. పాతకాలంలో శుక్లం ఆపరేషన్ (కంట్లో లెన్స్ తీసేసి ఊరుకునేవాళ్ళు) అయిన పెద్దవాళ్ళు ప్లస్ 10 దాకా ఉండే బుడ్డి అద్దాలు పెట్టుకునేవాళ్ళు, పేపరు చదవాలంటే జోడుని ముక్కు కొసకి లాక్కునేవాళ్ళు, చాలామంది చూసే ఉంటారు. అది వట్టి అలవాటు కాదు, అందులో లెక్కుంది. 12 మి.మీ. దగ్గర ప్లస్ 10 కంటి దగ్గరికొచ్చేసరికి 10 ÷ (1 − 0.12) = 11.4. ఇంకో 10 మి.మీ. ముందుకు లాగితే 10 ÷ (1 − 0.22) = 12.8. దగ్గర చూపుకి దాదాపు ఒకటిన్నర డయాప్టర్ ఉత్తినే వచ్చింది! కంట్లో శక్తి సున్నా అయిన మనిషి తన చేత్తో తనే ఫోకస్ చేసుకుంటున్నాడన్నమాట. ఆ అద్దాల్తో బొమ్మ పావు వంతు పైగా పెద్దగా కనపడేది, ఒక కంటికే ఆపరేషన్ అయితే రెండు కళ్ళ బొమ్మలూ కలిసేవి కావు, మెట్లు దిగడం నరకం. 1949లో లండన్లో హెరాల్డ్ రిడ్లీ కంట్లోనే లెన్స్ పెట్టడం మొదలెట్టాకే ఈ బాధ తీరే దారి దొరికింది, లెన్స్ ఉండాల్సిన చోటే ఉంటే దూరం తాలూకు ఈ తేడాలన్నీ పోతాయి కాబట్టి.

ప్రశ్న: ఒక చోట −2.00, సిలిండర్ −1.00, యాక్సిస్ 180 అని రాశారు. ఇంకోచోట −3.00, సిలిండర్ +1.00, యాక్సిస్ 90. ఎవర్ని నమ్మాలి? (కర్నూలు)

ఇద్దర్నీ నమ్మండి, రెండూ ఒకటే. యాక్సిస్ అంటే ఆ సిలిండర్ ఏ కోణంలో ఉందో చెప్పే అంకె. రెండు పవర్లు కూడండి (−2 − 1 = −3), సిలిండర్ గుర్తు తిప్పండి, యాక్సిస్‌ని 90 జరపండి, మొదటిది రెండోదయిపోతుంది. కొందరు ప్లస్ సిలిండర్‌లో రాస్తారు, కొందరు మైనస్‌లో.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో అద్దాలు తెప్పించుకున్నా. పవర్ మైనస్ 5.5, సరిగ్గానే ఉంది, అక్షరాలు స్పష్టం, కానీ పెట్టుకున్న అరగంటకి తలనొప్పి. చీటీలో పీడీ లేకపోతే అంచనాగా 66 అని కొట్టా. (టెక్సస్, ఆస్టిన్ నుంచి ఒక పాఠకురాలు)

అక్కడే ఉందండీ మీ తలనొప్పి. లెన్స్ కేంద్రంలోంచి చూస్తే వెలుతురు తిన్నగా పోతుంది, పక్కలోంచి చూస్తే పట్టకంలోంచి చూసినట్టే, వంగుతుంది. ఎంత వంగుతుందో ప్రెంటిస్ సూత్రం చెప్తుంది: కేంద్రం నుంచి జరిగిన దూరం (సెం.మీ.) × పవర్. మీ అసలు పీడీ 60 అనుకోండి, ఒక్కో కంటికి 3 మి.మీ. తేడా, 0.3 × 5.5 = 1.65, రెండూ కలిపితే 3.3 ప్రిజమ్ డయాప్టర్లు. ఒక ప్రిజమ్ డయాప్టర్ అంటే మీటరు దూరంలో 1 సెం.మీ. పక్కకి. మూడు మీటర్ల దూరంలో టీవీ ఉంటే రెండు కళ్ళ బొమ్మలు 10 సెం.మీ. ఎడంగా పడతాయి, వాటిని కలపడానికి కళ్ళు రెండూ బయటి వైపుకి లాక్కోవాలి, మన కళ్ళకి లోపలికి తిరగడం తేలికే గానీ బయటికి తిరగడం బాగా కష్టం. మీకు పవర్ తక్కువై ఉంటే, మైనస్ 1 అనుకోండి, ఇదే తప్పుకి 0.6 మాత్రమే వచ్చేది, తెలిసేది కూడా కాదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. జోడుని చెయ్యి చాచి పట్టుకుని ఒక కన్ను మూసుకుని లెన్స్‌లోంచి దూరంగా ఉన్న గుమ్మం నిలువు అంచు చూడండి. లెన్స్ లోపల కనపడే అంచు, పైనా కిందా బయట కనపడే అంచు విరిగినట్టు పక్కపక్కకి ఉంటాయి. జోడుని మెల్లగా పక్కకి జరుపుతూ పోతే ఒక చోట మూడు ముక్కలూ ఒకే గీతగా కలిసిపోతాయి. కలిసిన చోట లెన్స్ మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. రెండో దానికీ పెట్టి మధ్య దూరం స్కేలుతో కొలిస్తే లెన్స్ కేంద్రాల దూరం వచ్చేసింది. ఇక మీ పీడీ ఇంకొకరి చేత కొలిపించుకోండి, మీరు దూరంగా గోడ మీదకి చూస్తుండాలి, వాళ్ళు మీ నుదుటికి స్కేలు ఆనించి కుడి పాప నడుమ నుంచి ఎడమ పాప నడుమ దాకా చూడాలి, ఒకే మనిషి రెండు మూడు సార్లు కొలిస్తే మంచిది. రెండు అంకెలకీ తేడా వస్తే లెన్స్‌లు మార్పించుకోండి, అలవాటవుతుందిలే అని భరించకండి. సిలిండర్ ఉంటే ఈ చుక్క పరీక్ష కాస్త తడబడుతుంది, అప్పుడు ఎవరైనా ఆప్టీషియన్ దగ్గర లెన్స్ పవర్ కొలిచే యంత్రం, అంటే లెన్సోమీటర్‌లో పెట్టించడమే మేలు.

ప్రశ్న: మా నాయనకు 74 ఏండ్లు. కంట్ల రెటీనా నడుమ దెబ్బతిన్నది, అద్దాలు పెట్టినా 6/60 కంటే ఎక్కువ రాదని డాక్టరు చెప్పిండు. పొద్దుగాల పేపర్ చదువుడు లేకుంటే ఆయనకు దినం గడవది. అరచెయ్యంత పెద్ద భూతద్దం తెచ్చిన, లాభం లేదు. ఏది కొనాలె సార్? (కరీంనగర్)

పెద్ద భూతద్దం అంటే ఎక్కువ పవర్ అనుకుంటాం గానీ ఉన్నది సరిగ్గా దానికి ఎదురు. పవర్ పెరగాలంటే లెన్స్ వంపు పెరగాలి, వంపు పెరిగితే వెడల్పు తగ్గక తప్పదు, అందుకే అరచెయ్యంత లెన్స్‌లు మామూలుగా 4, 5 డయాప్టర్లకి మించవు. మీ నాన్నగారికి ఎంత కావాలో మొదటి అంచనాకి కెస్టెన్‌బామ్ లెక్క ఉంది: చూపు భిన్నాన్ని తిరగెయ్యండి. (6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేదాన్ని ఆయన 6 మీటర్ల నుంచే చదవగలరని.) 6/60ని తిరగేస్తే 60 ÷ 6 = 10. పేపర్ అక్షరాలకి 10 డయాప్టర్లతో మొదలెట్టాలి, నాభ్యంతరం 10 సెం.మీ. ఇది మొదలు మాత్రమే, రెటీనా నడుమ దెబ్బతిన్నవాళ్ళకి చాలాసార్లు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద 2ఎక్స్, 3ఎక్స్ అని ఉన్నది చూసి కొనకండి. 8 డయాప్టర్ల లెన్స్‌ని 4తో భాగించి 2ఎక్స్ అని ఒకరు రాస్తారు, దానికి ఒకటి కలిపి 3ఎక్స్ అని ఇంకొకరు రాస్తారు, రెండు లెక్కలూ చెల్లుబాటే, లెన్స్ ఒకటే. డయాప్టర్ ఎంతో అడగండి.

తెచ్చాక పట్టుకునే తీరు నేర్పాలి, అసలు కిటుకు ఇక్కడుంది. కాగితాన్ని లెన్స్‌కి నాభ్యంతరం దూరంలో ఉంచితే కనపడే వెడల్పు = లెన్స్ వెడల్పు × నాభ్యంతరం ÷ కంటికీ లెన్స్‌కీ మధ్య దూరం. లెన్స్ 5 సెం.మీ., నాభ్యంతరం 10 సెం.మీ. అనుకోండి. చెయ్యి చాపి కంటికి 25 సెం.మీ. దూరంలో పట్టుకుంటే కాగితం మీద 2 సెం.మీ. కనపడుతుంది, ఒక్క మాట పడుతుందేమో. అదే లెన్స్‌ని కంటికి 5 సెం.మీ. దగ్గరికి తెచ్చి, కాగితాన్ని కూడా లెన్స్‌తో పాటు దగ్గరికి తీసుకుంటే 10 సెం.మీ. కనపడుతుంది, పేపర్ కాలమ్ మొత్తం ఒక్కసారే. అక్షరం సైజు మారదు, కనపడే మేర అయిదు రెట్లయింది. ముసలివాళ్ళు చెయ్యి చాపే పట్టుకుంటారు, అంత దగ్గరికి తెస్తే కళ్ళు పాడవుతాయని భయం, పాడవ్వవని మెల్లగా చెప్పండి. ఇలా చదివేటప్పుడు దూరం చూపు అద్దాలు ఉంచుకోవాలి, దగ్గర చూపువి కాదు, లెన్స్‌లోంచి వచ్చే కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి.

చెయ్యి వణుకుతుంటే కాగితం మీదే నిలబడే స్టాండ్ భూతద్దం తీసుకోండి, లోపల లైటు ఉన్నది. టేబుల్ ల్యాంప్ ఉంటే దూరం సగం చెయ్యండి, వెలుతురు నాలుగు రెట్లవుతుంది. ఒకసారి మాత్రం హైదరాబాద్ తీసుకెళ్ళండి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట లో విజన్ విభాగం విడిగా ఉంటుంది, అక్కడ రకరకాల లెన్స్‌లు చేతికిచ్చి చదివించి చూస్తారు, ఆయనకి ఏది పడుతుందో ఆయన నోటే తెలుస్తుంది.

ప్రశ్న: నగల మీద హాల్‌మార్క్ చూసుకుందామని 30ఎక్స్, 21 మి.మీ. అని రాసున్న లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం) కొన్నా. అంత పెద్దగా ఏం కనపడట్లేదు. (రాజమండ్రి)

కనపడదండి, ఎందుకంటే ఒంటి లెన్స్‌లో అది సాధ్యమే కాదు. 30ఎక్స్ అంటే నాభ్యంతరం 25 సెం.మీ. ÷ 30, అంటే 8.3 మి.మీ. రెండు వైపులా సమానంగా ఉబ్బిన మామూలు గాజు లెన్స్‌లో వంపు వ్యాసార్థం దాదాపు నాభ్యంతరమంతే ఉంటుంది, 8.3 మి.మీ. అలాంటి వంపుతో పూర్తి గోళీ చేసినా అడ్డం కొలత 16.6 దాటదు. మరి 21 మి.మీ. లెన్స్ ఎలా వస్తుంది?

మీ లూప్ అసలు పవర్ మీరే తేల్చుకోండి. పగలు కిటికీకి ఎదురు గోడ దగ్గర నిలబడి, గోడకి తెల్ల కాగితం ఆనించి, లూప్‌ని కాగితం ముందు ముందుకీ వెనక్కీ జరపండి, ఒక చోట బయటి చెట్టు, ఆకాశం తలకిందులుగా చిన్న బొమ్మలా పడతాయి. లెన్స్ నుంచి కాగితానికి ఎన్ని సెం.మీ.లో కొలిచి 25ని దాంతో భాగించండి. ఆ దూరం 2.5 సెం.మీ. ఉంటే నిజమైన 10ఎక్స్. ఎండలో సూర్యుడితో మాత్రం చెయ్యొద్దు, కాగితం అంటుకుంటుంది, కళ్ళకీ ప్రమాదం.

మీ పనికి అసలు 10ఎక్స్ చాలు, కంసాలులు వాడేది, వజ్రాలు చూసేవాళ్ళు వాడేది అదే. లూప్‌ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని నగని 2.5 సెం.మీ. దాకా పైకి తెండి, వెలుతురు పక్క నుంచి పడాలి, అప్పుడే చెక్కిన గీతలు తేలతాయి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, పక్కన 22కే916 లాంటి స్వచ్ఛత అంకె, ఆ తర్వాత అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ కోడ్ కనపడాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే అది ఉండాల్సిందే. ఆ ఆరూ కాగితం మీద రాసుకుని ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి, మీ చేతిలో ఉన్న నగ వివరాలే వస్తున్నాయో లేదో కొట్లో ఉండగానే తేలిపోతుంది.